ఆ ముక్క ల్యాబ్‌కు వెళ్లిందా?

అపెండిసైటిస్‌కు తెలుగు ఊళ్లలో పెట్టుకున్న పేరు ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’. అపెండిక్స్‌కు ఉన్న ఉండుకం అనే మాట పాఠ్యపుస్తకంలోనే ఉండిపోయింది గానీ ఈ పేరు మాత్రం ఇంటింటికీ తెలుసు. ఒక్క రోజులో కోయించకపోతే లోపల పగిలిపోతుందని, మనిషి దక్కడని దాని హెచ్చరిక. అందుకే పిల్లవాడు పొత్తికడుపు కుడిపక్క చెయ్యి పెట్టుకుని మెలికలు తిరిగితే చాలు, ఇంట్లోవాళ్లే రోగం పేరు తేల్చేస్తారు. ఇక ఆసుపత్రికి వెళ్లేది ఆపరేషన్‌కు ఎంతవుతుందో కనుక్కోవడానికే.

భయం ఉత్తది కాదు. అపెండిక్స్‌కు చిల్లు పడితే చీము కడుపంతా పాకుతుంది. ఇంద్రజాలికుడు హూడినీ 1926లో పోయింది దానివల్లే. బ్రిటన్‌లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగాల్సింది. సరిగ్గా రెండు రోజుల ముందు రాజుగారి పొట్టలో చీము తీయాల్సి వచ్చి, వేడుక ఆగస్టుకు వాయిదా పడింది.

కానీ పొత్తికడుపులో ఆ కుడి మూల అపెండిక్స్ ఒక్కదాని సొంత జాగా కాదు. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలు కలిసేది అక్కడే. కిడ్నీ నుంచి దిగే మూత్రనాళం అటుగానే పోతుంది. ఆడవాళ్లలో కుడి అండాశయం, గర్భనాళం కూడా ఆ పక్కనే. నూటికి ఇద్దరిలో మెకెల్స్ డైవర్టిక్యులమ్ అనే చిన్న సంచి పుట్టుకతోనే పేగుకు వేలాడుతూ ఉంటుంది. అది వాచినా నొప్పి అచ్చం అపెండిక్స్ నొప్పే. పిల్లల్లో వైరస్ జ్వరం వచ్చినప్పుడు గొంతు కింద బిళ్లలు కట్టినట్టే పేగుల మధ్యా కడతాయి. ఆ నొప్పి కొద్ది రోజుల్లో తనంతట తనే సర్దుకుంటుంది, ఈలోపు ఎవరూ కత్తి పెట్టకపోతే.

కత్తి పెట్టిన సంగతి ఒకటుంది. 1976లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, ఒనైడా కౌంటీలో బడిపిల్లలు వరసగా కడుపునొప్పితో ఆసుపత్రుల్లో చేరారు. జ్వరం, కుడిపక్క నొప్పి, రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువ. అన్నీ అపెండిసైటిస్ గుర్తులే. 16 మంది పిల్లలకు ఆపరేషన్లు చేసేశారు. తీరా ఆరా తీస్తే అందరూ తాగింది చాక్లెట్ పాలు. కాచి శుద్ధిచేసిన పాలలోనే డెయిరీలో చాక్లెట్ సిరప్ కలిపే దశలో యెర్సీనియా అనే సూక్ష్మజీవి చేరింది. చిన్నపేగు చివరను, దాని పక్క బిళ్లలను వాచేలా చేయడం ఈ సూక్ష్మజీవి పని. ఒకే ఊళ్లో అంతమంది పిల్లలకు ఒకేసారి అపెండిక్స్ వాచదన్న అనుమానం కొంచెం ముందే వచ్చి ఉంటే ఎన్ని పొట్టలు కుట్లు లేకుండా మిగిలేవో!

అక్కడిది పాల గొడవ. ఇక్కడ వానాకాలంలో అంతకన్నా ప్రమాదకరమైన వేషధారి ఒకటుంది: కట్లపాము. చేను కాపలాకు వెళ్లినవాళ్లనో, ఇంట్లో నేలమీద చాప వేసుకుని పడుకున్నవాళ్లనో అది రాత్రిపూట కరుస్తుంది. కోర సన్నం కాబట్టి గాటు కనపడదు, వాపు రాదు, చాలామందికి మెలకువ కూడా రాదు. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టే నొప్పితో, వాంతితో లేస్తారు. గ్యాస్ అనుకుని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేవాళ్లు కొందరు, అపెండిక్స్ అనుకుని స్కానింగ్‌కు పరిగెత్తేవాళ్లు కొందరు. అసలు గుర్తు పొట్ట మీద లేదు, కళ్లలో ఉంది. రెప్పలు బరువెక్కి వాలిపోతుంటాయి, ఎత్తమన్నా ఎత్తలేరు. కాసేపటికి మింగుడు పడదు, ఆ తర్వాత ఊపిరి అందదు. అక్కడ కావలసింది పాము విషానికి విరుగుడు మందు, వెంటిలేటర్. ‘రాత్రి ఎక్కడ పడుకున్నావు?’ అని అడగడానికి ఏ స్కానింగ్ యంత్రమూ అక్కర్లేదు.

అడగని ప్రశ్నల జాబితా ఇంకా పెద్దది. ఏజెన్సీ గిరిజన గూడేల్లో సికిల్‌సెల్ రక్తహీనత ఉంది. కొడవలిలా వంగిన రక్తకణాలు సన్నటి నాళాల్లో అడ్డం పడితే కడుపులో కత్తులు దూసినట్టుంటుంది. వాళ్లకు ముందు కావలసింది సెలైను, నొప్పి మందు. కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ పరీక్ష కార్డు ఇంట్లో బీరువాలో ఉంటే చాలదు, క్యాజువాలిటీ బల్ల మీదకు రావాలి. అలాగే టైప్-1 షుగర్ కొత్తగా మొదలైన పిల్లలు కొందరు కడుపునొప్పి, వాంతులతోనే వస్తారు. వేలి కొన మీద ఒక్క రక్తం బొట్టు తీస్తే నిజం తెలుస్తుంది. తీయకుండా మత్తు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.

మగపిల్లల విషయంలో సిగ్గు అడ్డం వస్తుంది. వృషణం మెలిపడితే నొప్పి పొత్తికడుపులోకి పాకుతుంది. పన్నెండేళ్ల కుర్రాడు అమ్మ ముందు, నర్సు ముందు నిక్కరు విప్పలేక ‘కడుపులో నొప్పి’ అంటాడు. దాదాపు ఆరు గంటల్లోగా మెలిక విప్పకపోతే ఆ వృషణం దక్కడం కష్టం. ఆడవాళ్ల విషయంలోనూ సిగ్గే. పెళ్లికాని అమ్మాయికి గర్భపరీక్ష ఎలా చేయమంటామని డాక్టరు నీళ్లు నములుతాడు, లోపలేమో గర్భనాళంలో నిలిచిన పిండం పగలడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ మొహమాటాన్ని మర్యాద అనడానికి వీల్లేదు.

2012లో బ్రిటన్ డాక్టర్లు ఒక చమత్కారమైన అధ్యయనం అచ్చువేశారు. ఆసుపత్రికి వచ్చే దారిలో స్పీడ్‌బ్రేకర్ల మీద నొప్పి ఎక్కువైందా అని రోగులను అడిగారు. అపెండిసైటిస్ అని తేలినవాళ్లు 34 మంది ఉంటే, అందులో 33 మంది అవునన్నారు. కుదుపులకు నొప్పి పెరగకపోతే అపెండిక్స్ కాకపోవచ్చని అనుకోవచ్చు. మన దారుల్లో ఆటో దిగిన ప్రతివాడికీ ఏదో ఒక చోట నొప్పి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ఇక్కడ ఎంత పనికొస్తుందో వేరే సంగతి. కానీ అడిగే అలవాటు గొప్పది. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడి కిందికి జారిందా, వాంతి నొప్పికి ముందా తర్వాతా, ఆకలి ఉందా? ఈ మూడూ అడిగి, అనుమానం తీరకపోతే సెలైను పెట్టి ఐదారు గంటల తర్వాత అదే డాక్టరు మళ్లీ పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. వ్యవధి అంతా కోతకే అన్నట్టు చెప్పే ఆ ‘ఇరవై నాలుగు గంటల’ పేరు ఈ కాస్త వ్యవధిని కూడా మింగేస్తోంది.

సర్జన్ల ఇబ్బందీ చిన్నది కాదు. ఆలస్యమై పగిలితే బంధువులు ఆసుపత్రి అద్దాలు పగలగొడతారు. స్కానింగులు ఇంతగా లేని రోజుల్లో తీసినవాటిలో 15 నుంచి 20 శాతం మంచి అపెండిక్స్‌లే ఉన్నా తప్పుగా చూసేవారు కాదు. ఒక్కటి పగలడం కన్నా కొన్ని అనవసరంగా తీయడం మేలన్నది అప్పటి లెక్క. ఆ లెక్క ఇప్పటికీ చెల్లుతుందని అనుకుంటే మాత్రం కష్టం. ముఖ్యంగా ఇక్కడ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. పొత్తికడుపులో నొప్పి అంటే ఏదో ఒకటి తీసేయడం అలవాటైపోయిన చోట, తీసిందాన్ని ఎవరో ఒకరు సరిచూడాలి.

సరిచూసే చోటు పాథాలజీ ల్యాబ్. అక్కడ ఎన్ని వింతలు బయటపడతాయో! మొట్టమొదటి అపెండిక్స్ ఆపరేషన్‌గా చరిత్రకెక్కిన దానిలోనే వింత ఉంది. 1735 డిసెంబరులో లండన్‌లో క్లాడియస్ అమ్యాండ్ పదకొండేళ్ల కుర్రాడి గజ్జల్లో హెర్నియాను కోశాడు. మత్తుమందు పుట్టని కాలం, అరగంట కోత. హెర్నియా సంచిలోకి జారిన అపెండిక్స్‌ను ఒక గుండుసూది పొడుచుకుని ఉంది, పిల్లవాడు ఎప్పుడో మింగింది. కుర్రాడు బతికాడు. ఇప్పటికీ అపెండిక్స్ దాగిన ఆ రకం హెర్నియాను అమ్యాండ్ పేరుతోనే పిలుస్తారు. సూదులే కాదు, నులిపురుగులు, ఏలికపాములు, పేగు క్షయ గడ్డలు కూడా అపెండిక్స్‌లో దొరుకుతాయి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది కార్సినాయిడ్ రకం కణితి. తీసిన ప్రతి కొన్ని వందల అపెండిక్స్‌లలో ఒకదాంట్లో కనపడుతుంది, చాలాసార్లు కంటికి తెలియనంత చిన్నగా. సెంటీమీటరు లోపు ఉంటే తీసేయడంతోనే పని అయిపోతుంది. రెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడి భాగం కూడా తీయాల్సి రావచ్చు. ఫిన్లాండ్‌లో అపెండిక్స్ చుట్టూ చీముగడ్డ కట్టి తగ్గినవాళ్ల మీద జరిపిన ఒక అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. అరవై మందిలో పన్నెండు మందికి కణితులు బయటపడ్డాయి, అందరూ నలభై దాటినవాళ్లే.

ఇక్కడ ఆపరేషన్ థియేటర్ బయట ఏం జరుగుతుందో చాలామంది చూసే ఉంటారు. తలుపు సగం తెరుచుకుని నర్సు స్టీలు ట్రే పట్టుకుని వస్తుంది. అందులో దూది మీద చిటికెనవేలంత ఎర్రటి ముక్క. ‘చూడండి, ఎలా వాచిపోయిందో’. మేనమామ తొంగి చూస్తాడు, ఎవరో సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తారు, తల్లి మొహం తిప్పుకుంటుంది. తలుపు మూసుకుంటుంది. ఆ ముక్క ఫార్మలిన్ డబ్బాలో పడి ల్యాబ్‌కు వెళ్తుందా, వ్యర్థాల పసుపు సంచిలో పడుతుందా అన్నది ఆ తర్వాత ఎవరూ అడగరు. ప్రభుత్వ పథకమైనా ప్రైవేటు బీమా అయినా ల్యాబ్ రిపోర్టు నకలు రోగి చేతికి అందినట్టు సంతకం ఉంటేనే బిల్లు చెల్లించాలన్న నిబంధన గట్టిగా అమలైతే, ఆ సంచిలోకి వెళ్లే ముక్కలు తగ్గుతాయి, కోతల్లో అవసరం ఎంతో కూడా తేలుతుంది. రిపోర్టుకు సుమారు వారం పడుతుంది. కుట్లు విప్పించుకోవడానికి ఎలాగూ వెళ్లాల్సిన రోజు కూడా దాదాపు అదే.