హక్కా నూడుల్స్‌లో హక్కా ఎవరు?

మా కాలనీ మలుపులో ఉన్న చైనీస్ హోటల్ నుంచి ఈ నెలంతా పార్సిళ్ళు తెచ్చుకుని తింటున్నాను. అక్కడ కూర్చోడానికి జాగా లేదు. ఒక పెద్ద మంట పొయ్యి, రెండు బాణళ్ళు, ఒక కౌంటరు, గోడకి మెనూ బోర్డు. పైనుంచి కిందకి వరసగా ఒక్కొక్కటీ తెచ్చాను. గోబీ మంచూరియా ఇంటికొచ్చేసరికి మెత్తబడిపోయింది. షెజ్వాన్ రైస్‌లో కారం తప్ప నాలుకకి ఇంకేమీ తెలియలేదు. ఉల్లికాడలు దండిగా వేసిన చిల్లీ చికెన్ మాత్రం మూడుసార్లు తెచ్చాను. అన్నిటికన్నా నచ్చింది, సాస్ తగ్గించి గుడ్డు, క్యాబేజీ వేసి ఎగరేసిన హక్కా నూడుల్స్.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కదా, మాట దగ్గర ఆగిపోవడం అలవాటు. హక్కా అంటే ఏమిటని కౌంటర్లో అబ్బాయిని అడిగాను. "సన్న నూడుల్స్ సార్" అన్నాడు. మర్నాడు క్లాసులో అడిగితే ఒకమ్మాయి "సాస్ పేరేమో సార్" అంది.

హక్కా అంటే మనుషులు. దక్షిణ చైనాలో ఒక జనం. ఆ పేరుకి అర్థం అతిథి కుటుంబాలు అని. ఒకచోట ఎన్ని తరాలు బతికినా, మీరు బయటి నుంచి వచ్చినవాళ్ళే అని చుట్టుపక్కలవాళ్ళు గుర్తుచేసే పేరు. ఊరి చివర వాడల్లో పుట్టినవాళ్ళకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ హక్కాలు కలకత్తా వచ్చి, 20వ శతాబ్దం మొదట్లో, నగరానికి తూర్పున టాంగ్రా దగ్గర తోళ్ళ పని పెట్టారు. అన్ని పనులుండగా తోళ్ళే ఎందుకు? సవర్ణ హిందువు ముట్టని పని కాబట్టి. మైల అని వదిలేసిన చోట పరాయివాడికి చోటు దొరికింది. మన పల్లెల్లో లంద తవ్వి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో తోలు ఊనినవాళ్ళని ఊరు ముక్కు మూసుకుని చూసింది. అక్కడ ఆ వాసన మధ్యే ఒక చైనా పేట లేచింది. మా తాత చేతులకి ఆ వాసన చివరిదాకా పోలేదని మా నాయనమ్మ చెప్పేది. చెప్పులు కుట్టించుకోడానికి ఇంటిముందుకి వచ్చే ఆసాములు ఆ చేతుల నుంచి మంచినీళ్ళు మాత్రం తీసుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి మీద ఎక్కువసేపు ఆగాలి. టాంగ్రా కథ చెప్పేవాళ్ళు చాలామంది చైనా యజమానుల దగ్గర ఆపేస్తారు. ఆ టానరీల్లో పచ్చితోళ్ళు మోసి, నానబెట్టి, గీకిన కూలీల్లో ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చిన చమార్లు. యజమానికి ఆ పని కులం కాదు, వ్యాపారం. పిల్లల్ని చదివించుకుని కెనడా పంపగలిగాడు. కూలీకి అది పుట్టుకతో అంటించిన పని. ఒకే వాసన ఒకడికి పెట్టుబడి అయింది, ఇంకొకడికి శిక్ష అయింది. యజమానులు చెడ్డవాళ్ళని నేననడం లేదు. మైల అన్న మాట ఎవరికి ఎంత ధర పలికిందో చూడమంటున్నాను.

ఆ యజమానుల జాతికి కూడా దేశం గట్టి దెబ్బే వేసింది. 1962 యుద్ధమప్పుడు అస్సాం, ఉత్తర బెంగాల్ లాంటి చోట్ల నుంచి సుమారు 3,000 మంది చైనా మూలాలవాళ్ళని, ఇక్కడే పుట్టినవాళ్ళతో సహా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. 1996లో కాలుష్యం కారణంగా కలకత్తా టానరీలని బంతలాకి తరలించమని సుప్రీంకోర్టు చెప్పింది. టాంగ్రాలో చాలా టానరీలు మూతపడ్డాయి, కొన్నిచోట్ల హోటళ్ళు వచ్చాయి. మంచూరియా కూడా కలకత్తాలో పుట్టిన చైనా వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చేసిందే అంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవి, సోయా సాస్ వాళ్ళది. మంచూరియాలో ఎవరికీ దాని సంగతి తెలియదు.

ఇప్పుడు 2020 జూన్ గుర్తుచేసుకోండి. గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది సైనికులు చనిపోయారు. ఆ దుఃఖం నిజం. ఆ వారంలోనే చైనా తిండి అమ్మే హోటళ్ళని నిషేధించాలన్నాడు కేంద్ర సహాయమంత్రి రామ్‌దాస్ అథవాలే. ఆయన ఎవరో మనకి తెలుసు. బాబాసాహెబ్ తలపెట్టి, ఆయన పోయాక 1957లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ పేరు పెట్టుకున్న నాయకుడు. ఇంకెవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. తోళ్ళ పని నుంచి వచ్చినవాళ్ళ తిండిని, తోళ్ళ పని నుంచి వచ్చినవాళ్ళ ఓట్లు అడిగే నాయకుడు నిషేధించమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బీజింగ్‌కి ఏం నష్టం? మూతపడేది మా మలుపులో బాణలి.

ఆ బాణలి పట్టుకున్నది డార్జిలింగ్ వైపు కుర్రాడు. చైనా ఎప్పుడూ చూళ్ళేదు. "ఒరేయ్ చింకీ, తొందరగా కానీ" అని బైకు మీద నుంచి కేకేసిన వాణ్ణి నేనే విన్నాను, వాడి బండి మీద జైభీమ్ స్టిక్కరు ఉంది. ఈశాన్య రాష్ట్రాల గిరిజనుల మీద జరిగే ఇలాంటి అవమానాలకి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వాడమని 2012లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకి రాసింది. మనం రోడ్లెక్కి కాపాడుకున్న చట్టమే అది.

చైనీస్ బండి దగ్గర కులం లేదని మన పిల్లలు కొందరు గొప్పగా రాస్తున్నారు. నేను ఒప్పుకోను. మా మలుపులో రెండు బాణళ్ళు ఎందుకున్నాయో అడిగాను. "వెజ్‌కి వేరే కావాలంటారు సార్, గరిటె కూడా." అయినా ఆ పార్సిల్ విలువ నాకు తెలుసు. మాంసం వండకూడదన్న షరతు మీద అద్దెకిచ్చిన గదుల్లో నా విద్యార్థులు ఎంతమందో ఉన్నారు. కూర వాసన మెట్ల మీదకి వస్తే ఖాళీ చేయమంటారు. అదే చికెన్ సోయా సాస్‌లో మునిగి, వెండి రంగు డబ్బాలో వస్తే ఓనరు ఏమీ అనడు. ఆ వాసన ఆయన పిల్లలకీ ఇష్టమే మరి.

మీ ఇళ్ళల్లో లంద పని చేసిన పెద్దలు ఉంటే, వాళ్ళ నోటి నుంచి ఆ పని మాటలు, పనిముట్ల పేర్లు రికార్డు చేసి పంపండి. వచ్చే భాగం వాటి మీదే రాస్తాను.