కొత్త ఫైర్‌వాల్ ఎందుకు? ఉన్నదాన్ని ఆన్ చేశారా?

పోయిన నెల గౌలిపుర నుంచి ఓ జూనియర్ ఫోన్ చేశాడు. బీటెక్ అయ్యి ఏడాది కావస్తోంది. వారానికో ఆన్‌లైన్ టెస్టు రాస్తున్నాడు. "అన్నా, లాప్‌టాప్ మస్తు స్లో అయింది. యాంటీవైరస్ తీసేసిన. ఏదన్నా లైట్ ఫైర్‌వాల్ ఉంటే చెప్పన్నా, ఫ్రీది" అన్నాడు. బ్లాగు మొదలుపెట్టినప్పటి నుంచి ఇలాంటి ఫోన్లు నాకు అలవాటే. ఏదో ఒక పేరు చెప్పి పెట్టేయొచ్చు. ఇల్లు దగ్గరే కదా అని సాయంత్రం వెళ్లాను.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ అది. నాలుగు జీబీ ర్యామ్. అందులోనే వాళ్ల నాన్న షాపు లెక్కలు, చెల్లి ఇంటర్ పాఠాలు, ఇంటిల్లిపాది ఆధార్ స్కాన్లు, మనవాడి మార్కుల మెమోలు. వైఫై మూడు వాటాలకీ ఒకటే. నెలకింత అని పంచుకుంటారు. పాతబస్తీలో ఇది కొత్తేమీ కాదు, మా ఇంట్లోనూ చాలాకాలం అలాగే నడిచింది.

విండోస్ సెక్యూరిటీ తెరిచి చూస్తే ఫైర్‌వాల్ దగ్గర ఎర్ర గుర్తు. ఆఫ్‌లో ఉంది.

"నువ్వే ఆపావా?"

"టెస్టుకు ముందు మెయిల్ పెట్టిండ్రన్నా. యాంటీవైరస్, ఫైర్‌వాల్ బంద్ చేసి కూసోమని."

ఆ టెస్టు అయి అప్పటికి నాలుగు నెలలు!

నేను నా ఫోన్‌ని వాళ్ల వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో ఆ లాప్‌టాప్ ఐపీ అడ్రస్ కొట్టాను. ఫైనలియర్ ప్రాజెక్టు పేజీ టక్కున తెరుచుకుంది. ఎగ్జాంప్ ఇన్‌స్టాల్ చేసి వదిలేశాడు, అపాచీ వెనకాల నడుస్తూనే ఉంది. ఆ పేజీలో టెస్టింగ్ కోసమని ఎక్కించిన క్లాస్‌మేట్ల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు. పక్క వాటాలో ఎవరు కొట్టినా ఇదే కనిపించేది. మనవాడి ముఖం చూడాలి అప్పుడు.

కాబట్టి ఏ ఫైర్‌వాల్ తేలికైనదని వెతికే ముందు, ఉన్నది పనిచేస్తోందా అని చూడాలి. ఇంట్లో వాడే మామూలు విండోస్ కంప్యూటర్‌కి అన్నిటికన్నా తేలికైన ఫైర్‌వాల్ ఇప్పటికే అందులో ఉంది. డబ్బులు అడగదు, ర్యామ్‌ని నమిలేయదు, 'ప్రీమియం తీసుకోండి' అని మూలన నోటిఫికేషన్లు పెట్టదు. నా లెక్కలో ఉద్యోగం వెతుక్కునే వందమందిలో తొంభైమందికి అది చాలు.

ఉన్నదాన్ని ఆన్ చేయకపోవడం పాత జబ్బే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనూ ఫైర్‌వాల్ ఉండేది. కానీ ఆఫ్‌లో వచ్చేది. ఎక్కడుందో కూడా చాలామందికి తెలీదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చింది. దాన్ని ఎవరూ క్లిక్ చేయక్కర్లేదు, మెయిల్ తెరవక్కర్లేదు. నెట్‌కి కలిపిన కంప్యూటర్‌లో 135 పోర్టు తెరిచి ఉండి, అప్‌డేట్ లేకపోతే చాలు. ప్రపంచమంతా కంప్యూటర్లు వాటంతటవే రీస్టార్ట్ అయ్యాయి. మరుసటి ఏడాది సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ ఆ ఫైర్‌వాల్‌ని ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు ఇదే కథ 445 పోర్టు మీదుగా మళ్లీ నడిచింది. మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే అప్‌డేట్ ఇచ్చినా వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బ తిన్నాయి.

ఇంతకీ ఈ పోర్టు ఏంటి? పాతబస్తీలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం సులువు. ఒకప్పుడు ఈ ఊరి చుట్టూ గోడ, గోడకి దర్వాజాలు, చిన్న చిన్న ఖిడ్కీలు ఉండేవి. అలియాబాద్, యాకుత్‌పుర, గౌలిపుర... ఇప్పుడు బస్తీల పేర్లుగా మిగిలిన ఇవన్నీ అప్పట్లో దర్వాజాలు. నిలబడి ఉన్నవి దబీర్‌పుర, పురానాపూల్ దర్వాజాలే. కంప్యూటర్‌కీ అలాగే నంబర్లేసిన దర్వాజాలుంటాయి. వెబ్ సర్వర్‌ది 80, మైఎస్‌క్యూఎల్‌ది 3306, ఫైల్ షేరింగ్‌ది 445, రిమోట్ డెస్క్‌టాప్‌ది 3389. ఏదో ఒక ప్రోగ్రామ్ లోపల కూర్చుని ఎవరొస్తారా అని చూస్తుంటే ఆ దర్వాజా తెరిచి ఉన్నట్టు. దాని దగ్గర నిలబడి 'ఎవరు నువ్వు, ఎవరు పిలిచారు?' అని అడిగే పహరావాడే ఫైర్‌వాల్.

విండోస్ పహరావాడి పద్ధతి ఇది. బయటి నుంచి పిలవకుండా వచ్చేవాళ్లని ఆపుతాడు. లోపలి నుంచి బయటికి వెళ్లేవాళ్లని మాత్రం, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప, ఆపడు. వెళ్లినవాళ్లు పిలిచిన సమాధానం తిరిగొస్తే గుర్తుపట్టి లోపలికి పంపుతాడు. దీన్నే స్టేట్‌ఫుల్ అంటారు. ఇంటర్వ్యూల్లో అడిగే మాట, గుర్తుపెట్టుకోండి.

ఇది అర్థమైతే ఆ టెస్టు మెయిల్ ఎంత అర్థంలేనిదో మీకే తెలుస్తుంది. ఆన్‌లైన్ టెస్టు అంటే మన కంప్యూటరే బయటికి వెళ్లి సర్వర్‌ని పలకరించడం. బ్రౌజర్ తెరుచుకుంటుంది, ప్రశ్నలొస్తాయి, వెబ్‌క్యామ్ దృశ్యాలు వెళ్తాయి. ఇదంతా బయటికి వెళ్లే దారి. విండోస్ ఫైర్‌వాల్ మామూలు సెట్టింగుల్లో ఆ దారిని ఆపదు. మరి ఎందుకు ఆపమంటారు? ఆఫీసు నెట్‌వర్కుల్లో ఉండే పెద్ద ఫైర్‌వాళ్లు, కొన్ని సెక్యూరిటీ ప్యాకేజీలు నిజంగానే అడ్డొస్తాయి. వాటిని దృష్టిలో పెట్టుకుని ఎవరో ఎప్పుడో రాసిన లైను. కాపీ, పేస్ట్ అయ్యి మన ఇన్‌బాక్స్‌లోకి వస్తోంది. టెస్టు మధ్యలో ఆగితే తప్పు తమ మీదికి రాకుండా ఉంటుందనే ముందుజాగ్రత్త కూడా అందులో ఉందని నా అనుమానం. నాకు వచ్చిన అలాంటి మెయిళ్లలో ఒక్కదాంట్లోనూ 'టెస్టు అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి' అన్న ముక్క లేదు. ఉద్యోగం అవసరం ఉన్న కుర్రాడు మెయిల్లో ఏం చెప్తే అది చేస్తాడు. చెప్పనిది చేయడు. తప్పు వాడిదని ఎలా అనగలం?

కాబట్టి టెస్టుకు ముందురోజు వచ్చే సిస్టమ్ చెక్ లింకుని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంచే ఒకసారి నడిపి చూడండి. దాదాపు ఎప్పుడూ నడుస్తుంది. అప్పుడు 'ఆన్‌లో ఉంచే రాయొచ్చా?' అని సపోర్టుకి మెయిల్ పెట్టండి. ఆపాల్సిందే అంటే, గొడవ పడకండి, మార్కులు ముఖ్యం. కానీ పదిమంది వాడే వైఫై మీద కాకుండా మీ సొంత ఫోన్ హాట్‌స్పాట్ మీద రాయండి. టెస్టు అయ్యే టైముకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి, 'ఫైర్‌వాల్ ఆన్' అని పేరు పెట్టి. నవ్వకండి, నేను అదే చేస్తాను. యాంటీవైరస్ తీసేస్తే విండోస్ డిఫెండర్ తనంతట తాను లేస్తుంది. చేత్తో ఆపిన ఫైర్‌వాల్‌ని మాత్రం మనమే లేపాలి.

ఇంకో సెట్టింగ్ ఉంది. నా దృష్టిలో ఇది ఏ సాఫ్ట్‌వేర్ కన్నా విలువైనది. వైఫైకి కనెక్ట్ అయినప్పుడు ఆ నెట్‌వర్క్ పబ్లిక్కా, ప్రైవేటా అని విండోస్ గుర్తుపెట్టుకుంటుంది. 'మా ఇల్లే కదా' అని చాలామంది ప్రైవేట్ నొక్కేస్తారు. ప్రైవేట్ అంటే ఈ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరూ మనవాళ్లే అని చెప్పడం. ముగ్గురు పంచుకునే వైఫై, హాస్టల్ వైఫై, అమీర్‌పేట పీజీ వైఫై, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. సెట్టింగ్స్‌లో మీ వైఫై ప్రాపర్టీస్ తెరిచి పబ్లిక్ చేయండి. రౌటర్ ఉందిగా, అదే కాపాడుతుంది అనుకోవద్దు. అది వీధి నుంచి వచ్చేవాళ్లని చాలావరకు ఆపుతుంది కానీ, ఒకే రౌటర్ కింద ఉన్న పక్క వాటావాళ్లని ఆపడం మామూలు సెట్టింగుల్లో దాని పని కాదు.

అలాగే ఎగ్జాంప్, టామ్‌క్యాట్, నోడ్ లాంటివి మొదటిసారి నడిపినప్పుడు 'అనుమతించాలా?' అని ఓ పెట్టె వస్తుంది. చదవకుండా అలౌ కొట్టడం మనందరికీ అలవాటు. ప్రాజెక్టుని మీ లాప్‌టాప్‌లోనే చూసుకోవడానికి ఆ అనుమతి అవసరం లేదు. క్యాన్సిల్ కొట్టినా లోకల్‌హోస్ట్ చక్కగా తెరుచుకుంటుంది. నమ్మకం లేకపోతే ఇవాళే కొట్టి చూడండి.

ఇంత చెప్పినా 'లేదు, ఇంకేదైనా కావాలి' అనేవాళ్లుంటారు. వాళ్ల కారణం సరైనదైతే నేను కాదనను. ఏ ప్రోగ్రామ్ బయటికి ఏం పంపుతోందో పట్టుకోవాలంటే విండోస్‌లో ఉన్నది తిప్పలు పెడుతుంది. టైనీవాల్, సింపుల్‌వాల్ అని రెండున్నాయి. రెండూ ఉచితం, రెండూ బాగా చిన్నవి. విండోస్‌లోనే ఉన్న ఫిల్టరింగ్ యంత్రాంగాన్ని వాడుకుంటాయి కాబట్టి పాత లాప్‌టాప్ మీద బరువు పడదు. నేను టైనీవాల్ కొన్నాళ్లు వాడాను. మాటిమాటికీ పాపప్‌లు పెట్టకపోవడం నచ్చింది. కానీ మనం ఒప్పుకోని ప్రోగ్రామ్‌ని చప్పుడు చేయకుండా ఆపేస్తుంది. టెస్టు రోజు పొద్దున కొత్త ప్రోక్టరింగ్ యాప్ వేసుకుని, అది ఎందుకు కనెక్ట్ కావట్లేదో తెలియక చెమటలు పట్టించుకోవడం మీకు అవసరమా? ప్లేస్‌మెంట్ సీజన్ అయ్యాక ప్రయోగాలు చేయండి. ఏది వేసుకున్నా తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే తీసుకోండి. వెతికితే పైన వచ్చే 'ఫ్రీ డౌన్‌లోడ్' సైట్ల నుంచి ఫైర్‌వాల్ దింపుకోవడమంటే దొంగనే పహరాకి పెట్టుకోవడం.

లినక్స్‌కి మారినవాళ్లకి ఒక మాట. విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు మామూలుగా 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, పాత లాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకే చాలామంది ఉబుంటు, మింట్ వేసుకుంటున్నారు. మంచిదే. కానీ వాటిలో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది, అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఎక్స్‌పీ కథే మళ్లీ. టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో లేస్తుంది.

ఇన్ని చేసినా ఫైర్‌వాల్ ఆపలేనిది ఒకటుంది. ఔరంగజేబు సేనలు గోల్కొండని ఎనిమిది నెలలు ముట్టడించాయి. ఫిరంగులకి లొంగని కోట 1687లో లోపలివాడొకడు తలుపు తీస్తే పడిపోయింది. మన తరానికి ఆ లోపలివాడు ఆఫర్ లెటర్ పేరుతో వచ్చే ఫైలు. 'హెచ్‌ఆర్ నుంచి మాట్లాడుతున్నాం, సిస్టమ్ వెరిఫికేషన్ కోసం ఎనీడెస్క్ వేసుకోండి' అంటారు. మనమే వేసుకుంటాం, మనమే కోడ్ చెప్తాం. అది మనం తెరిచిన దర్వాజా, పహరావాడు సలాం కొట్టి పంపేస్తాడు. ఇంటర్వ్యూకి ముందే మీ స్క్రీన్ అడిగినా, డిపాజిట్ అడిగినా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి కాల్ చేయండి.

నా సంగతి కూడా చెప్పాలి. మొదటి ఇంటర్వ్యూలో, సపోర్ట్ ఇంజినీర్ పోస్టుకి, 'ఫైర్‌వాల్ అంటే ఏంటి?' అని అడిగారు. 'వైరస్ రాకుండా ఆపేది సార్' అన్నాను. 'అది యాంటీవైరస్ కదా' అన్నాడాయన మర్యాదగానే. తర్వాత నా నోట మాట రాలేదు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివాను, కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో మార్కులూ బాగానే వచ్చాయి. సొంత కంప్యూటర్‌లో ఆ పేజీని మాత్రం ఒక్కసారీ తెరవలేదు.

ఆ సాయంత్రం జూనియర్‌తో రిసోర్స్ మానిటర్ తెరిపించాను. నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'లిజనింగ్ పోర్ట్స్' అని ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టు దగ్గర కూర్చుందో, ఫైర్‌వాల్ దాన్ని ఒప్పుకుందో లేదో వరుసగా చూపిస్తుంది. ఒక్కో పేరు చూసి ఇదేంటి, ఎందుకుంది అని వెతుక్కుంటూ రెండు గంటలు కూర్చున్నాడు. ఫైర్‌వాల్ ఆన్ చేశాడు, వైఫైని పబ్లిక్ చేశాడు, ఎగ్జాంప్ ఆపాడు. లాప్‌టాప్ స్లో అయింది ఎందుకంటారా? స్టార్టప్‌లో పద్నాలుగు ప్రోగ్రాములు లేస్తున్నాయి, అందుకు. దానికీ ఫైర్‌వాల్‌కీ సంబంధమే లేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. "అన్నా, అంతా మంచిగుంది గానీ, పక్కింటోళ్ల ప్రింటర్ కనవడ్తలేదు. రెజ్యూమె ప్రింట్ తీస్కోవాలె."

పబ్లిక్ చేశాం కదా, కనపడదు మరి. "రెండు నిమిషాలు ప్రైవేట్ చేసి, ప్రింట్ తీసుకుని మళ్లీ పబ్లిక్ చెయ్" అన్నాను.

"పెన్‌డ్రైవ్ పట్కొని జిరాక్స్ షాపుకు పోత తియ్యన్నా" అన్నాడు.

ఆ పెన్‌డ్రైవ్ గురించి ఇంకోసారి మాట్లాడుకోవాలి.