దయచేసి వినండి... మరి వినపడనివాళ్ళు?



మన హాస్టల్లో ఏ పనైనా గంట మీదనే నడుస్తుంది. తెల్లారి లేపే గంట, టిఫిన్ గంట, ప్రేయర్ గంట, రాత్రి స్టడీ అవర్ గంట. మెస్ గంట వినపడగానే ప్లేటు పట్టుకొని ఉరుకుతాం. ఒకరోజు మీకు ఆ గంట వినపడలేదనుకోండి. మీరు వెళ్ళేసరికి లైను అయిపోయి ఉంటది, వంటాయన గిన్నెలు కడుగుతుంటాడు. అప్పుడు తప్పు మీదా? గంటదా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా పెదనాన్న కొడుకు నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. పుట్టినప్పటి నుంచి వినపడదు, మాటలు కూడా రావు. తండాలో అందరూ "చెవిటోడా" అని పిలుస్తారు. పిలిచినా వినపడదు కదా అని నవ్వుతారు. చిన్నప్పుడు నేనూ నవ్వాను, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అన్న పట్నంలో బధిరుల బడిలో చదువుకొని, హైటెక్ సిటీలో ఒక హోటల్లో పని చేస్తున్నాడు. ఉండేది మలక్‌పేటలో.

పోయిన దసరాకు అన్న ఇంటికి బయలుదేరాడు. ఒక పెద్ద స్టేషన్లో (పేరు ఎందుకులే) బోర్డు మీద రాసిన ప్లాట్‌ఫారం మీదనే నిలబడ్డాడు. చివరి నిమిషంలో బండి వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో చెప్పారంట. బోర్డు మాత్రం మారలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మూటలు ఎత్తుకొని ఉరికారు. ఏమైందని అన్న ఒకాయనను సైగ చేసి అడిగేలోపే బండి వెళ్ళిపోయింది. ఆ రాత్రి స్టేషన్లోనే పండుకొని తెల్లారి ఇంకో బండికి వచ్చాడు. ఇక్కడ పెద్దమ్మ రాత్రంతా గుమ్మంలోనే కూర్చుంది. అన్న ఫోన్లో మెసేజ్ పెట్టాడు, కానీ పెద్దమ్మకు చదువు రాదు. ఆమె ఫోను చేస్తే అన్నకు వినపడదు. పొద్దున నేను లేచి ఆ మెసేజ్ చదివి చెప్పేదాకా ఆమె కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

స్టేషన్లో మైకు మొదట చెప్పే మాట "దయచేసి వినండి". 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైనే. వాళ్ళందరికీ ఆ మాట ఎట్లా అందుతుంది?

ఇది చేయలేని పని అయితే నేను రాసేవాడినే కాదు. చేయొచ్చని అన్న రోజూ పనికి పోయే దారే చెబుతుంది. మలక్‌పేట నుంచి హైటెక్ సిటీకి రైలు దారులు రెండు. ఒకటి 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. అది కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేట, బోరబండ మీదుగా పోతుంది. రెండోది మెట్రో. అమీర్‌పేటలో దిగి బండి మారాలి. హైటెక్ సిటీ దాకా మెట్రో 2019 మార్చి 20న వచ్చింది. వేసవి సెలవుల్లో అన్నతో కలిసి రెండూ ఎక్కాను. మెట్రోలో బండి ఎన్ని నిమిషాల్లో వస్తుందో ప్లాట్‌ఫారం మీద బోర్డులో కనపడుతుంది. పెట్టెలో కూడా రాబోయే స్టేషన్ పేరు అక్షరాల్లో వస్తుంది. అక్కడ అన్న ఎవరినీ ఏమీ అడగలేదు. అమీర్‌పేటలో జనం మధ్య నేనే తికమకపడితే, చెయ్యి పట్టుకొని దారి చూపింది అన్ననే!

అంటే లోపం అన్నలో లేదు. చెవికి చెప్పిన మాట కంటికి కూడా చూపిస్తే, అన్న అందరిలాగే ప్రయాణం చేస్తాడు.

కానీ ఏదైనా ఆపద వస్తే? మెట్రో పెట్టెలో డ్రైవరుతో మాట్లాడే మీట ఉంది, మాట రానివాడు దాన్ని నొక్కి ఏం చెబుతాడు? రైల్వే సహాయానికి 139కి ఫోను చేయమంటారు. ఫోనులో మాట్లాడలేనివాళ్ళు రైల్ మదద్ యాప్‌లో రాసి పంపొచ్చు, కానీ ఆ సంగతి ఎంతమందికి తెలుసు? పట్టాలు దాటేటప్పుడు జాగ్రత్త చెప్పేది కూడా కూత ఒక్కటే. అందుకే అన్న ఎంత ఆలస్యమైనా వంతెన ఎక్కే పోతాడు. మనలో చాలామంది చెవులు ఉండి కూడా పట్టాల మీద నుంచి దూకుతాం!

రైల్వే ఇచ్చే రాయితీ సంగతి కూడా చెప్పాలి. చెవుడు, మూగతనం రెండూ ఒకే మనిషికి ఉంటే సెకండ్ క్లాసు, స్లీపరు టికెట్ సగం ధరకే ఇస్తారు, తోడు వచ్చేవారికి కూడా. మంచిదే. కానీ వినపడకపోయినా కష్టపడి నాలుగు మాటలు నేర్చుకున్నవాళ్ళకు అది రాదు. మాట నేర్చుకోవడం నేరమా? ఇంకొక మాట. సగం ధరకు టికెట్ ఇచ్చి, బండి ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పకపోతే ఆ టికెట్ ఏం చేసుకోవాలి?

ఇది జాలిపడి చేసే సహాయం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం స్టేషన్లు, బండ్లు అందరికీ వాడుకోవడానికి వీలుగా ఉండాలని చెప్పింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో, ఇలాంటి సౌకర్యాల ప్రమాణాలు "వీలైతే చేయండి" అన్నట్టు ఉంటే చాలదనీ, తప్పనిసరి నియమాలు ఉండాలనీ తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది ఎవరో తెలుసా? మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

కొద్దిమంది కోసం ఇంత ఖర్చు ఎందుకని కొందరు అడుగుతారు. మా పెద్దమ్మకు చదువు రాదు, ఆమెకు మైకు కావాలి. అన్నకు వినపడదు, అతనికి బోర్డు కావాలి. రద్దీలో మైకు మాట అర్థంకాక మనం కూడా బోర్డు వైపే చూస్తాం. కాబట్టి రెండూ ఉండాలి, రెండూ ఒకేసారి ఒకే మాట చెప్పాలి. ఉన్న బోర్డును వెంటనే మార్చడానికి కోట్లు కావాలా?

చివరగా మన సంగతి. మా అన్నను చిన్నప్పుడు ఒక హాస్టల్లో చేర్చడానికి తీసుకుపోతే, "గంట వినపడని పిల్లగాడిని మేము ఎట్లా చూసుకుంటాం" అని తిప్పి పంపారు. మన హాస్టల్లో ఇప్పుడు వినపడని పిల్లలు ఎవరూ లేరు. తండాల్లో, గూడేల్లో అట్లాంటివాళ్ళు లేకనా?

వార్డెన్ సార్ గారికి నా విన్నపం. మెస్ దగ్గర, డార్మెటరీలో గంటతో పాటు వెలిగే ఒక లైటు పెట్టించండి. ఏ చిన్న మార్పు అయినా నోటీసు బోర్డు మీద కూడా రాయించండి. మిత్రులకు కూడా ఒక మాట. సంకేత భాషలో "అన్నం", "నీళ్ళు", "బండి", "ఎక్కడ", "రా" అనే ఐదు సైగలైనా నేర్చుకుందాం. ఆదివారం స్టడీ అవర్ తర్వాత నాకు వచ్చినవి నేను చూపిస్తాను.

రేపు మీరు స్టేషన్లో ఉన్నప్పుడు అందరూ ఉరుకుతుంటే, ఒక మనిషి మాత్రం బిత్తరపోయి నిలబడి ఉంటే, ఒక్క క్షణం ఆగండి. అతని భుజం తట్టి, బండి ఏ వైపు ఉందో వేలుతో చూపించండి. ఆ రాత్రి ఒక తల్లి గుమ్మంలో కూర్చోకుండా నిద్రపోతుంది.

ఆలోచించండి!

– 9వ తరగతి విద్యార్థి