వృద్ధుల సంగతి వృద్ధులనే అడుగుడు

శాలువా కప్పుట సులభము. పూలదండ వేయుట అంతకన్న సులభము. ఏటేట అక్టోబరు 1వ తేదీన, ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించిన అంతర్జాతీయ వృద్ధుల దినమున, పెద్దలను వేదికపై కూర్చుండబెట్టి సన్మానించుట మన సభలలో పరిపాటి యైనది. మేమును ఆ శాలువాకు పాత్రులమైతిమి. సంతోషమే. కాని వేదిక దిగిన పిమ్మట "అయ్యా, మీకేమి కావలెను?" అని మమ్ము అడిగినవారు ఒక్కరును లేరు. ఈ వ్యాసమంతయు ఆ అడుగని ప్రశ్నను గూర్చియే.

ఇట్టి సంచికలలో పండితులు రాయల కాలమును గూర్చియు, శతక వాఙ్మయమును గూర్చియు వ్రాయుదురు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పదియేడేండ్లు గుమాస్తా ఉద్యోగము చేసి విరమించినవారము. మాకు తెలిసినది కాగితము. ఏ కాగితము ఏ బల్లపై ఎంతకాలము నిద్రించునో, దానిని ఏది మేల్కొలుపునో మాకు తెలియును. ఆ తెలివితోనే ఈ నాలుగు మాటలు.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకొనవలెను. ఉద్యోగములో నున్న కాలమున ఒకనాడు ఒక వృద్ధురాలు మా బల్ల యొద్దకు వచ్చినది. చేతిలో వృద్ధాప్యపు పింఛను కొరకు అర్జీ. గుండ్రని తెలుగు అక్షరములతో తానే వ్రాసికొన్నది. అది మాకు అక్షరాక్షరము అర్థమైనది. అయినను, "అవ్వా, దీనిని తమిళములో వ్రాయించుకొని రావమ్మా" అంటిమి. ఆమె మారుమాటాడక కాగితము మడిచి కొంగున కట్టుకొని వెడలినది. మరల రాలేదు. ఆ అర్జీని మేము రిజిస్టరులో ఎక్కించలేదు. రిజిస్టరులో ఎక్కని అర్జీ ప్రభుత్వము దృష్టిలో లేని అర్జీయే. మన రాజ్యాంగములోని 350వ అధికరణము, దేశమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను తన కష్టమును అధికారికి విన్నవించుకొను హక్కు ప్రతివానికిని కలదని చెప్పుచున్నది. ఆ సంగతి నాడు మాకు తెలియదు. తెలిసికొనవలెనన్న తలంపును లేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఆ అవ్వ అడిగినది. అడిగిన భాష తప్పని త్రిప్పి పంపితిమి.

ఆ అవ్వ తెలుగులో వ్రాయుట ఆమె మొండితనము కాదు. 1960 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలో నుండెను. పటాస్కరు గారి సిఫారసుల ననుసరించి 1959లో పార్లమెంటు సరిహద్దుల చట్టము చేయగా, ఆ తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును మారినవి. సరిహద్దు ఒక్క రాత్రిలో మారినది, మనుష్యులు మారలేదు. అంతకు ముందు తెలుగు బడిలో అక్షరములు దిద్దిన పిల్లలు నేడు డెబ్బదేండ్లు దాటినవారు. వారు తమిళము చక్కగా మాటాడుదురు. సంతలో, ఆసుపత్రిలో, గుడిలో వారికి లోటు లేదు. కాని చదువు వేరు, మాట వేరు. దరఖాస్తు ఫారము వారి చేతికి వచ్చినపుడు వారు నిరక్షరాస్యులతో సమానులగుచున్నారు. అక్షరము వచ్చియు వ్రేలిముద్ర వేయవలసిన దుస్థితి కన్న అవమానమేమి కలదు?

ఇక చట్టము సంగతి చూతము. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును పార్లమెంటు 2007లో చేసినది. అది తమిళనాట 2008 సెప్టెంబరు 29 నుండి అమలులోనికి వచ్చినది. పోషించుకొనజాలని తలిదండ్రులు సంతానముపై ట్రైబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు పదివేల రూపాయలకు మించకుండ పోషణ భత్యము నిర్ణయింపవచ్చును. నోటీసు అందిన తొంబది దినములలో విచారణ ముగించవలెను. తప్పనిసరియైన మరి ముప్పది దినములు. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేకమైన వరుస ఉండవలెను. ఈ నిబంధనలను పత్రికలు, రేడియో, టెలివిజను ద్వారా విరివిగా ప్రచారము చేయవలెనని కూడ అందే కలదు. చట్టము మంచిదే. కాని మన వీధులలో మేము విచారించిన వృద్ధులలో దీని పేరు విన్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. చదువజాలని భాషలో చేసిన ప్రచారము చెవిటివాని ముందు ఊదిన శంఖము వంటిది.

ఈ చట్టము క్రింద తమిళనాట 2009లో నియమావళి చేసిరి. రాష్ట్రమునకొక మండలి, జిల్లాకొక సంఘము ఉండి వృద్ధుల విషయములలో సలహా నీయవలెనని ఏర్పాటు. జిల్లా సంఘమునకు కలెక్టరు గారు అధ్యక్షులు. ఈ ఏర్పాటును మేము నిందింపము. కాని మెట్లు జిల్లాతో ఆగిపోయినవి. ఆత్తిపట్టు వంటి ఊరిలో మోకాళ్లు పట్టుకొని నడచు వృద్ధునికి జిల్లా కేంద్రము బస్సెక్కి పోవలసిన దూరము. సలహా చెప్పవలసినవాడు సభకు రాలేడు. సభ అతని వాకిటికి రాదు. ఇక ఆ సలహా ఎవరిది? అధికారుల నివేదికలనుండి అధికారులు తీసికొన్న సలహా. ఎవరి నొప్పి వారికే ఎరుక యనుట సామెత మాత్రమే కాదు, పరిపాలనా సూత్రము కూడను.

వృద్ధుల నడుగకపోయిన ఫలమేమో పింఛను కథయే చెప్పును. ఈ రాష్ట్రమున 1962లో నెలకు ఇరువది రూపాయలతో వృద్ధాప్యపు పింఛను మొదలైనది. 2011లో అది వేయి రూపాయలైనది. పిమ్మట 2023లోగాని 1,200 కాలేదు. పండ్రెండేండ్లు ఆ వేయి రూపాయలు కదలలేదు. బియ్యము ధర, మందుబిళ్ల ధర, బస్సు చార్జీ కదలకుండ నుండెనా? సరిహద్దు దాటిన ఆంధ్రప్రదేశమున 2024లో అదే పింఛను నాలుగువేల రూపాయలైనది. ఈ పోలికతో ఈర్ష్య రగిలించుట మా ఉద్దేశము కాదు. ఏ రాష్ట్రపు ఖజానా దానిది. మేమనునది ఒక్కటే. ఊరూర వృద్ధుల సంఘములుండి, ప్రతి సంవత్సరము ఖర్చుల పట్టిక వ్రాసి పంపియుండినచో, పండ్రెండేండ్లు మౌనముగా గడచియుండునా?

ఇది జరుగని పని కాదు. డెన్మార్కు దేశమున మున్సిపాలిటీ కొక వృద్ధమండలి ఉండవలెనని చట్టము కలదు. దానిని అరువదేండ్లు నిండినవారే ఓట్లు వేసి ఎన్నుకొందురు. వృద్ధులకు సంబంధించిన ఏ ప్రతిపాదననైనను, తీర్మానించుటకు ముందు, పురపాలకులు ఆ మండలి అభిప్రాయము నడుగవలెను. జపాను దేశమున 1917లో ఒకయామా ప్రాంతమున పేదల బాగోగులు చూచుటకు స్థానికులనే సలహాదారులుగా నియమించిరి. ఆ బీజమే పెరిగి 1948లో చట్టమైనది. నేడు అచట వీధివీధికి తిరిగి ఒంటరి వృద్ధుల తలుపు తట్టు స్థానిక కార్యకర్తలు రెండు లక్షలకు పైగా కలరు. మన పొరుగున కేరళము 2025లో వృద్ధుల కొరకు ప్రత్యేకముగా కమీషను చట్టమే చేసికొన్నది. డబ్బున్న దేశములకే ఇది సాధ్యమని తప్పించుకొన వీలులేదు. తలుపు తట్టుటకు డబ్బక్కరలేదు.

ఈ మాట మేము నలుగురిలో చెప్పినపుడు మూడు అభ్యంతరములు వినవచ్చినవి.

మొదటిది: "ఇది ఇంటి గుట్టు. కన్నకొడుకు మీద అర్జీ పెట్టుట పరువు తక్కువ." అయ్యా, పస్తులుండుట పరువా? పొలము కొడుకు పేర వ్రాసి, ఆ కొడుకింటి అరుగుపై అతిథివలె కూర్చుండుట పరువా? నన్ను పోషింపవలెనన్న షరతుతో ఆస్తి వ్రాసి యిచ్చినచో, ఆ షరతు తప్పినప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయు అధికారము 2007 చట్టము 23వ సెక్షను ట్రైబ్యునలునకు ఇచ్చినది. అట్టి షరతు ఉన్నదని చూపవలెనని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. కావున షరతును దస్తావేజులోనే వ్రాయించుకొనుట క్షేమము. ఈ ఒక్క మాట వ్రాతకు ముందు చెప్పగలవారు ఊరిలో ఇద్దరున్నచో, ఎన్ని ఇండ్ల గుట్టు నిలుచును! సలహా సంఘము కొడుకులను కోర్టుకీడ్చుటకు కాదు. ఈడ్వవలసిన అవసరము రాకుండుటకు.

రెండవది: "సలహా సంఘమునకు అధికారమేది? దాని మాట వినువారెవరు?" గుమాస్తాగా దీనికి మేము సమాధానము చెప్పగలము. నోటిమాట గాలిలో పోవును. తీర్మానముగా వ్రాసి, సంతకములు చేసి, పంపినట్లు రసీదు పుచ్చుకొన్న కాగితమునకు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు జవాబు వ్రాయక తప్పదు. మా బల్లపై నిద్రించిన కాగితములలో మేల్కొన్నవన్నియు నెలనెల జ్ఞాపకపత్రములు వచ్చినవే. అధికారము లేని సంఘమునకు ఓర్పు కలదు; వృద్ధులకు ఓర్పు కొరత లేదు.

మూడవది: "తెలుగులో కాగితములడుగుట వేర్పాటు బుద్ధి." ఈ నింద మమ్ము ఎక్కువ నొప్పించినది. తమిళము మాకు పరాయి భాష కాదు. మా పిల్లలు దానిలోనే చదివి, దానిలోనే ఉద్యోగములు చేసి, దానిలోనే మమ్ము పోషించుచున్నారు. తెలుగు ఫారము ఇచ్చినచో తమిళమునకు ఇసుమంతయు లోటు రాదు. మా పొరుగింటి తమిళ వృద్ధుడు సైతము కచేరీ భాష అర్థము కాక మా యొద్దకే కాగితము తెచ్చును. కీళ్లనొప్పికి భాష లేదు. మేము కోరు సంఘము తెలుగువారి సంఘము కాదు. ఊరి వృద్ధులందరి సంఘము. అందు తెలుగు చదువు వారికి కూడ చోటుండవలెనన్నదే మా కోరిక.

కనుక మేము కోరునదేమి? ఊరికి అరువదేండ్లు దాటిన ఏడుగురితో ఒక సంఘము. అందు కనీసము ముగ్గురు స్త్రీలు, వారిలో ఒకరు వితంతువు. ఏలన మన వీధులలో ఒంటరిగా మిగిలినవారు ఎక్కువగా వారే. తమిళము వ్రాయువా రొకరు, తెలుగు వ్రాయువా రొకరు. గ్రామసభలు 2022లో సంవత్సరమునకు ఆరు దినములకు పెంచబడినవి. ఆ ఆరు దినములలోను మొదటి అరగంట వృద్ధుల మాటకు కేటాయింపవలెను; మొదటి అరగంటయే, ఏలన కడవరకు కూర్చుండుటకు మా నడుములు ఒప్పుకొనవు. చెప్పినది చెప్పినట్లు రెండు భాషలలో వ్రాసి, సంతకములకు ముందు బిగ్గరగా చదివి వినిపింపవలెను. ఆ తీర్మానముల నకలు జిల్లా సంఘమునకు పోవలెను. వచ్చిన జవాబు తదుపరి సభలో చదువవలెను. ఇందులో ఒక్క రూపాయి కొత్త ఖర్చు లేదు.

ప్రభుత్వమును కోరుట పూర్తియైనది. ఇక మనలను మనము అడుగుకొందము. స్వయముగా అర్జీ పెట్టుకొనజాలని వృద్ధుని తరఫున అతడు అధికారమిచ్చిన వ్యక్తిగాని, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థగాని అర్జీ పెట్టవచ్చునని 2007 చట్టమే చెప్పుచున్నది. అనగా మనవంటి సంఘములకు చట్టము తలుపు తెరచి పదునెనిమిదేండ్లు దాటినది. మనమా తలుపు గుండ ఒక్కమారైన పోయితిమా? ఉగాది పచ్చడికి చందాలు వసూలు చేయుదుము. కవిసమ్మేళనమునకు పందిరి వేయుదుము. తప్పు లేదు. కాని భాషను కాపాడుదమని సభలు చేయుచు, ఆ భాష మాత్రమే చదువనేర్చిన ముసలివారిని అర్జీల వ్రాతగాని దయకు విడిచిపెట్టుట ఏమి భాషాభిమానము? వారే కదా మనకు తెలుగును మిగిల్చినది! నెలకు రెండు ఆదివారములు, రెండేసి గంటలు, మన సంఘపు గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక రిజిస్టరు ఉంచుడు. చదువుకొన్న యువకులు వంతులవారీగా కూర్చుండి అర్జీలు తెలుగునుండి తమిళమునకు మార్చి, రెంటిని జతపరచి పంపుడు. మొదటి ఆదివారమున ఆ కుర్చీలో మేము కూర్చుందుము. మా ఋణము అంతకు తక్కువగా తీరదు.

ఆ అవ్వ నేడు లేదు. ఆమె అర్జీ ఏమైనదో, ఆ కొంగుముడి ఎప్పుడు విప్పెనో మేమెరుగము. కాని అట్టి కొంగుముడులు మన వీధులలో నేటికిని ఎన్నో కలవు. వచ్చే అక్టోబరున మాకు శాలువా వలదు. ఆ డబ్బుతో ఒక రిజిస్టరు కొనుడు. మొదటి పుటలో మొదటి వృద్ధుని పేరు వ్రాసి, "మీకేమి కావలెను?" అని అడిగి, అతడు చెప్పినది అతని మాటలలోనే వ్రాయుడు. సన్మానమన్న అదియే.