జిల్లా పేజీకి రెండో నకలు ఏది?



శంకర్‌పల్లి, మొయినాబాద్ పల్లెల్లో పాత ట్రంకుపెట్టె తెరిస్తే పాస్‌బుక్కు మడతల్లో పసుపెక్కిన పేపరు ముక్కలు దొరుకుతాయి. వాటిలో 111 జీవో వార్తలే ఎక్కువ. హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు కథ, 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ 69 జీవో వచ్చేదాకా జిల్లా పేజీల్లోనే నడిచింది. ఏ నాయకుడు ఏ సభలో ఏం మాటిచ్చాడో రైతుకు గుర్తుచేసేవి ఆ ముక్కలే.

ఇప్పుడు కత్తిరించి దాచుకునేవాళ్లు తగ్గిపోయారు. మూసీ పొంగితే మండల విలేకరి వంతెన మీద నిలబడే ఫొటో తీసి వాట్సాప్‌లో డెస్కుకు పంపేస్తాడు. ఫొటో, వీడియో, పేజీ అన్నీ క్లౌడ్‌లోకి చేరుతున్నాయి. అలాంటి క్లౌడ్ ఒకటి మన పక్కనే ఉంది. చేవెళ్ల దాటి షాబాద్ వైపు వెళ్తే చందనవెల్లిలో అమెజాన్ డేటా సెంటర్ కనిపిస్తుంది. 2020లో రూ.20,761 కోట్ల పెట్టుబడి ప్రకటించిన ఆ సంస్థ, 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ పేరుతో క్లౌడ్ సేవలు మొదలుపెట్టింది.

క్లౌడ్ వద్దని ఎవరూ అనరు. కాగితానికీ గండాలున్నాయి. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు చేరి అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. భయమల్లా ఒక్కచోటే దాచడం గురించి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి 858 టెరాబైట్ల ఫైళ్లు పోయాయి. వాటికి మరో నకలు లేదు.

పత్రికలకు నిప్పుతో పాటు అద్దె బెడద కూడా ఉంది. చిన్న పత్రిక మూతపడి నెలనెలా కట్టే క్లౌడ్ బిల్లు ఆగిపోతే, ఇరవయ్యేళ్ల ఊరి వార్తలకు పూచీ ఎవరు? హాంకాంగ్‌లో ఆపిల్ డైలీ పత్రిక 2021 జూన్‌లో మూతపడగానే వెబ్‌సైటూ ఆగిపోయింది. కొందరు ముందే దించిపెట్టుకోబట్టి పాత వార్తలు కొన్నయినా మిగిలాయి.

అచ్చయిన పత్రికను జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం, 1956 సవరణ చెబుతున్నాయి. వెబ్ వార్తకు అలాంటి నిబంధన లేదు. ఆ చట్టాన్ని కేంద్రం సవరించాలి. అప్పటిదాకా పత్రికలు తమ జిల్లా పేజీలను, ఫొటోలతో సహా, నెలకోసారి హార్డ్‌డిస్కులో జిల్లా గ్రంథాలయానికి అందజేయాలి. ఆ పని మీ పత్రికతోనే మొదలవ్వాలని మనవి.

– ఒక పాఠకుడు, శంకర్‌పల్లి