సంజాయిషీ వినని శిక్ష



మన జీతం నుండి నష్టం రికవరీ చేయదలచిన అధికారి ముందుగా ఆరోపణను వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. మన సంజాయిషీని పరిశీలించాలి. తపాలా ఉద్యోగులకు 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) రూల్సు, రైల్వే ఉద్యోగులకు 1968 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్సు ఈ రక్షణను కల్పించినవి. అవి ఉల్లంఘింపబడినప్పుడు పోరాడుటకు మన చేతిలో ఒక కాగితమైనా ఉన్నది.

ఆన్‌లైన్ బజారులో అమ్ముకొనే చిన్న విక్రేతకు ఆ కాగితమేదీ? మన కుటుంబాలలోని స్త్రీలు, రిటైరైన సోదరులు సైతం ఈ మార్గాన నాలుగు రూకలు సంపాదించుకొంటున్నారు. చేనేత చీర పంపిన మహిళపై కొనుగోలుదారు "రంగు వేరు" అని ఒక్క మాట వ్రాస్తే చాలు, ఆమెకు రావలసిన సొమ్ము కోతపడుతుంది. తిరిగివచ్చిన పెట్టెలో కట్టివిడిచిన చీర ఉన్నా ఆమె మొర ఆలకించేవారుండరు. ఆపైన ఒక్క స్టారు రేటింగు! పార్సిలు ఆలస్యమైనా ఆ నింద ఆమెకే. రేటింగు పడిపోతే సరుకు ఎవరి కంటా పడదు. తీర్పు చెప్పినది మనిషో యంత్రమో కూడా ఆమెకు తెలియదు.

కొనుగోలుదారు మనకు శత్రువు కాడు, మనమూ కొనుగోలుదారులమే. లోపమున్న సరుకును వాపసు తీసుకొనడానికి నిరాకరించరాదని, విక్రేత వినియోగదారునిగా నటించి సమీక్షలు వ్రాయరాదని 2020 ఇ-కామర్స్ నిబంధనలు శాసించినవి. అది న్యాయమే. వినియోగదారుని ఫిర్యాదుకు 48 గంటలలో రసీదు, నెలలోగా పరిష్కారం ఇవ్వాలన్నవి. అదీ న్యాయమే. మరి విక్రేత ఫిర్యాదుకు గడువేదీ? 2008లో ఈబే సంస్థ, కొనుగోలుదారులపై విక్రేతలు ప్రతికూల అభిప్రాయం వ్రాసే వీలునే తొలగించినది. నోరు మూయించుట తేలిక; విచారణ జరుపుట ఖర్చు! ఉదారత సంస్థది, సొమ్ము విక్రేతది.

కౌంటరులో పార్సిలు తూచి బరువు నమోదు చేసేది మన తపాలా సోదరులే. పోయిన బరువును, తిరిగివచ్చిన బరువును సరిపోల్చితే ఎన్నో తగాదాలు తేలిపోగలవు.

కావున డిమాండు చేస్తున్నాము: ఆరోపణ, ఆధారాలు, ఇరువైపుల బరువు విక్రేతకు అందజేయకుండా రికవరీ చేయరాదు. రవాణా లోపానికి విక్రేత రేటింగు తగ్గించరాదు. అప్పీలును మనిషి విచారించి, కారణాలతో వ్రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

శాఖలన్నీ ఈ మేరకు తీర్మానాలు చేసి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు పంపవలసిందిగా కోరుతున్నాము. సంజాయిషీ వినని శిక్ష రైల్వే షెడ్డులో అన్యాయమైతే, ఆన్‌లైన్ బజారులోనూ అన్యాయమే!