పల్లెకు వెళ్లే వైద్య విద్యార్థికి ఒక ప్రశ్న కావాలి

ఎంబీబీఎస్‌లో చేరిన ప్రతి విద్యార్థీ పల్లెలో మూడు నుంచి ఐదు కుటుంబాలను దత్తత తీసుకుని, కొన్నేళ్లపాటు వాటి ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో నిర్దేశించింది. ఆలోచన కొత్తదేమీ కాదు. సమాజాన్ని చూడగలిగే వైద్యులు కావాలని దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. వైద్య కళాశాలలకు గ్రామీణ ప్రాంతాల బాధ్యత అప్పగిస్తూ 1977లో కేంద్రం రోమ్ పథకం తెచ్చింది. అది చాలాచోట్ల విద్యార్థులను బస్సెక్కించి తిప్పుకురావడం దగ్గరే ఆగిపోయింది. దత్తతకూ అదే గతి పట్టకూడదంటే, ఆ కుటుంబాల బతుకులోంచి ఒక ప్రశ్నను పట్టుకుని, పద్ధతిగా జవాబు వెతకడం విద్యార్థికి నేర్పాలి. బీపీ, షుగర్, ఎత్తు, బరువు రాసుకుని లాగ్‌బుక్ మీద సంతకం చేయించుకుంటే ఆ విద్య రాదు.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నవారికి ఆస్పత్రికి వచ్చినవాళ్ల జబ్బులే తెలుస్తాయి. రానివాళ్ల సంగతి ఊరికి వెళ్తేనే తెలుస్తుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ రెండు గ్రామాల్లోని 650 మంది మహిళలను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రకటించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబసభ్యులను అడిగి రాసుకొచ్చారు. వాటిని చదివి వైద్యులు మరణకారణం నిర్ధారించారు. 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. పల్లెల్లో జనం ముఖ్యంగా అంటురోగాలతోనే పోతారన్న నమ్మకం ఆ లెక్కతో సడలింది. ఇంటింటికీ వెళ్లి అడిగే ఓపిక, అడగడం తెలిసిన మనుషులు ఉండబట్టే అది సాధ్యమైంది.

మనకు కావలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం(పీహెచ్‌సీ)లో నిలిచి పనిచేసే డాక్టర్లు, పరిశోధకులు ఎందుకని అడిగేవారున్నారు. ఒకే వాడలో వరసగా జ్వరాలు వస్తుంటే అది నీళ్ల వల్లనా, దోమల వల్లనా అని ఆరా తీయాల్సింది ఆ పీహెచ్‌సీ డాక్టరే. ఆ ఆరాకు పద్ధతి ఉంటే అదే పరిశోధన. నీట్ పీజీ ఒత్తిడిలో తీరికెక్కడిదన్న మాటలో నిజముంది. అయితే దత్తత సందర్శనలకు వేళలు పాఠ్యప్రణాళికలో ఇప్పటికే ఉన్నాయి. అదనంగా అడుగుతున్నదేమీ లేదు. విద్యార్థుల లెక్కలను నమ్మగలమా అన్నది మరింత గట్టి సందేహం. ఒక్కో విద్యార్థి తన ఐదిళ్లలో తనకు తోచింది రాసుకొస్తే నమ్మలేం. కానీ 150 మంది ఉన్న బ్యాచ్ చేతిలో కనీసం 450 కుటుంబాలుంటాయి. అందరూ ఒకే ప్రశ్న మీద ఒకే ప్రశ్నావళితో పనిచేసి, అధ్యాపకులు కొన్ని ఇళ్లను మళ్లీ సరిచూస్తే, రక్తపోటు మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో జిల్లా అధికారులకు ఉపయోగపడేలా చెప్పవచ్చు. ఆ కుటుంబాలనే ఏళ్లతరబడి చూసే వీలు చాలా పెద్ద పరిశోధనలకు కూడా దొరకదు.

పల్లె మనుషులను ప్రయోగ వస్తువులుగా మారుస్తారన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలా సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుపై ఎన్నో బృందాలు రక్తం, నీళ్ల నమూనాలు పట్టుకెళ్లాయి. మూలకారణం నేటికీ తేలలేదు. ఇచ్చిన రక్తంలో ఏం కనిపించిందో తెలుసుకునే హక్కు అక్కడి కవిటి, సోంపేట రైతులకు లేదా? సమ్మతి అడగడం, కాదంటే గౌరవించడం, తేలింది తిరిగొచ్చి చెప్పడం పంతొమ్మిదేళ్ల వయసులోనే నేర్పాలి. అందుకే ప్రశ్నావళి రాసేటప్పుడే ఆశా కార్యకర్తనూ ఏఎన్‌ఎంనూ ఊరి పెద్దలనూ ఆడవాళ్లనూ కూర్చోబెట్టాలి. ఫలితాలను గ్రామసభలో తెలుగులో, కోయగూడెమైతే కోయ తెలిసినవారి సాయంతో వివరించడాన్ని మార్కులున్న పరీక్షగా పెట్టాలి. కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో అధ్యాపకుల ఖాళీలు నింపి, వాళ్లకు ఊళ్లో గడిపే సమయమూ వాహనమూ ఇవ్వడం వైద్య విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఈ విద్యా సంవత్సరంలోనే చేయాల్సిన పని.